ప్రసార సంస్థలు - ప్రజలకు సంజాయిషీ

వర్తకుని సరకు నచ్చనివాడు మరియొక దుకాణమునకు పోవచ్చును. ప్రజల సొమ్ముతో నడచు సంస్థ విషయమున అంతటి సౌలభ్యము లేదు. రుసుము చెల్లించుట చట్టము విధించిన బాధ్యత. చెల్లించినవానికి ఆ సంస్థలో వాటా లేదు, దాని నిర్వహణలో వోటు లేదు. వానికి మిగిలిన హక్కు ఒక్కటే: నిజమును తెలిసికొను హక్కు. సంస్థలో పనిచేయు ప్రముఖునిపై ఆరోపణ వచ్చినప్పుడే ఈ హక్కునకు అసలైన పరీక్ష ఏర్పడును. ఆ సమయమున సంస్థ ఎవరిని ప్రశ్నించినది, ఎవరిని ప్రశ్నింపలేదు, తనకు తెలిసినదానిలో ఎంత ప్రజలకు చెప్పినది అను మూడు విషయములనుబట్టి దాని యోగ్యత నిర్ణయమగును.

ఈ పరీక్షను పలుమారులు ఎదుర్కొని, కొన్నిమార్లు తప్పి, తప్పినదానిని తానే అచ్చువేయించి ప్రకటించిన సంస్థ బ్రిటిషు బ్రాడ్‌కాస్టింగు కార్పొరేషను. దాని చరిత్రలోని ఈ భాగము ప్రభుత్వోద్యోగము చేయువారందరికిని పరిశీలింపదగినది.

1922లో ఒక కంపెనీగా ఆరంభమైన బి.బి.సి., 1927 జనవరి 1వ తేదీన రాజశాసనము ననుసరించి ప్రజాసంస్థగా మారెను. సర్ జాన్ రీత్ దానికి మొదటి డైరెక్టరు జనరలు. రేడియో పెట్టెగల ప్రతి గృహస్థుడును ఏటేట చెల్లించు రుసుము దాని ఆదాయమునకు ఆధారము. ఆ రుసుము 1922లో పది షిల్లింగులు. 2021లో టెలివిజనునకు 159 పౌన్లు. ప్రభుత్వము సంస్థను తన గుప్పిటిలో ఉంచుకొనకుండుటకై నడుమ ఒక గవర్నర్ల మండలి నేర్పరచిరి. ఏర్పాటు ఉదాత్తమైనదే. కాని దానిలో ఒక లోపము మొదటినుండియు దాగియుండెను. సంస్థ స్వాతంత్ర్యమును కాపాడవలసినవారును, సంస్థ తప్పు చేసినప్పుడు తీర్పు చెప్పవలసినవారును ఆ గవర్నర్లే. రక్షకుని చేతికే తీర్పరి దండమునుగూడ ఇచ్చినట్లైనది. ఈ లోపము బయటపడుటకు దాదాపు ఎనుబది సంవత్సరములు పట్టినది.

ఆ సంస్థ పోకడలు భారతదేశమునకు గూడ వచ్చినవి. 1935లో బి.బి.సి. నుండి లయొనెల్ ఫీల్డెన్ ఢిల్లీకి వచ్చి ప్రసారశాఖకు కంట్రోలరైనాడు. 1936 జూన్ 8వ తేదీన ఆ శాఖకు ఆలిండియా రేడియో అను పేరు వచ్చెను. 1938లో మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైనవి. ఢిల్లీనుండి తెలుగున వార్తలు చదివినవారిలో అనంతరకాలమున చలనచిత్రనటులుగా సుప్రసిద్ధులైన కొంగర జగ్గయ్యగారొకరు. ఆ కాలమున పల్లెటూరి రచ్చబండవద్ద తగవు వచ్చినప్పుడు "రేడియోలో చెప్పినారు" అనిన చాలును, వాదము ముగిసెడిది. ఆ ఒక్క మాటకు గల విలువయే ప్రసార సంస్థకు మూలధనము. భవనములు, యంత్రములు మరల కొనవచ్చును. ఈ ధనము పోయినయెడల కొనుటకు వీలులేదు.

అంతటి మూలధనముగల బి.బి.సి. 1995 నవంబరు 20వ తేదీ రాత్రి తన "పనోరమా" కార్యక్రమమున ఒక సంభాషణను ప్రసారము చేసెను. వేల్సు యువరాణి డయానా తన సంసారములోని క్లేశములను స్వయముగా చెప్పుకొనిన ఆ సంభాషణను బ్రిటనులో 2 కోట్ల 28 లక్షలమంది చూచిరి. దానిని సాధించిన విలేఖరి మార్టిన్ బషీరు ఒక్కరాత్రిలో లోకప్రసిద్ధుడైనాడు. బహుమతులు వచ్చినవి, ప్రశంసలు వచ్చినవి.

అయితే ప్రసారము జరిగిన కొలదిదినములకే ఒక చిన్న ఉద్యోగి మనస్సున అశాంతి పుట్టినది. అతడు సంస్థకు బొమ్మలు గీసియిచ్చు చిత్రకారుడు. ఆ సంభాషణకు కొన్ని వారముల పూర్వము బషీరు కోరికపై బ్యాంకు లెక్కల పత్రములను పోలిన కాగితములను రెండింటిని ఇతడే తయారుచేసి యిచ్చెను. యువరాణి సోదరుడైన ఎర్ల్ స్పెన్సరు కొలువులో అంతకుముందు పనిచేసిన యొక వ్యక్తికి పత్రికా సంస్థనుండి సొమ్ము ముట్టినట్లు ఆ కాగితములు చూపుచుండెను. అట్టి లెక్కలు ఏ బ్యాంకులోను లేవు. వానిని స్పెన్సరునకు చూపి, ఆయన నమ్మకమును సంపాదించి, ఆయన ద్వారా యువరాణి పరిచయమును బషీరు పొందెనని తరువాత తేలినది. చిత్రకారునకు ఆనాడు ఇదంతయు తెలియదు. తాను గీసిన కాగితములు దేనికి ఉపయోగపడినవో యను సందేహముతో 1995 డిసెంబరులో ఆ విషయమును తన పై అధికారుల చెవిని వేసెను.

అధికారులు బషీరును ప్రశ్నించిరి. ఆ కాగితములను ఎవరికిని చూపలేదని అతడు బదులు చెప్పెను. అట్లు చెప్పినది ఒక్కసారి కాదు, మూడుసార్లు. 1996 ఏప్రిలులో ఒక ఆదివారపు పత్రిక ఈ రహస్యమును బయటపెట్టగా మరల విచారణ జరిగెను. ఆ విచారణ చేసినవారు వార్తావిభాగమునకు అధిపతియైన టోనీ హాల్. అప్పటికి బషీరు తాను స్పెన్సరునకు కాగితములు చూపిన మాట ఒప్పుకొనియుండెను. మూడుమార్లు అబద్ధమాడినవాడని తెలిసియు, అతడు నిజాయితీపరుడేయని, పొరపాటు చేసినందులకు పశ్చాత్తాపపడుచున్నాడని గవర్నర్లకు నివేదిక వెళ్లినది. ఆ చిత్రకారునకు ఇకమీదట సంస్థలో పని దొరకకుండ జూచుచున్నట్లు ఆ నివేదికలోనే చెప్పబడినది.

ఏ కార్యాలయపు గుమాస్తానడిగినను ఈ విచారణలోని లోపమును వెంటనే చెప్పగలడు. ఆ కాగితములను చూచినవాడు స్పెన్సరు. ఎందులకు చూపినారో, ఏమి చెప్పి చూపినారో తెలిసినవాడును ఆయనయే. ఆయనను విచారించినవారు లేరు. నిందితుని వాఙ్మూలముండెను, ముఖ్యసాక్షి వాఙ్మూలము లేదు. దస్త్రము మూయబడినది. తప్పు చేసినవానికి మన్నన, చెప్పినవానికి శిక్ష లభించినవి. ఆ చిత్రకారుడు తన జీవితములో పావుశతాబ్దము ఈ అపవాదును మోసెను.

విచారణ చేసినవారు దుర్మార్గులనుట న్యాయము కాదు. ఆ కార్యక్రమము సంస్థకు కిరీటము తెచ్చినది. ఆ కిరీటము కల్తీదని తేల్చుట ఆ విభాగపు అధిపతికే అప్పగింపబడినది. తన యింటి నగను తానే గీటురాయిపై గీయుమనినయెడల చేయి తడబడుట మానవసహజము. తన తగవునకు తానే తీర్పరి కారాదని న్యాయశాస్త్రము ఏనాడో చెప్పియుండుటకు కారణము ఇదియే.

ఈ దస్త్రము మూతపడియుండగనే అంతకంటె ఘోరమైన విషయము వెలికివచ్చెను. జిమ్మీ సవిల్ అను ప్రఖ్యాత వ్యాఖ్యాత కొన్ని దశాబ్దములపాటు బి.బి.సి. బాలల కార్యక్రమములను, సంగీత కార్యక్రమములను నడిపి, ధర్మకార్యములకు చందాలు పోగుచేసి, రాణిచే "సర్" బిరుదము పొంది 2011 అక్టోబరులో మరణించెను. అతడు ఎందరో బాలబాలికలపై అత్యాచారములు జరిపెనను సమాచారమును బి.బి.సి.లోని "న్యూస్‌నైట్" విలేఖరులే సేకరించిరి. కాని 2011 డిసెంబరులో ఆ కథనము నిలిపివేయబడినది. ఆ నెలలోనే అదే సంస్థ అతనిని కీర్తించుచు సంస్మరణ కార్యక్రమములను ప్రసారము చేసెను. 2012 అక్టోబరు 3వ తేదీన పోటీసంస్థయైన ఐ.టి.వి. ఆ కథను ప్రపంచమునకు చెప్పినది.

ఈమారు బి.బి.సి. విచారణను తన అధికారుల కప్పగింపలేదు. కథనము ఎందులకు నిలిచినదో తేల్చుటకు మరియొక ప్రసార సంస్థలో వార్తాధిపతిగా పనిచేసిన నిక్ పోలార్డును, సవిల్ దురాగతములు సంస్థ ఆవరణలలో ఎట్లు సాగినవో తేల్చుటకు అప్పీలు న్యాయస్థానపు మాజీ న్యాయమూర్తి డేమ్ జానెట్ స్మిత్‌ను నియమించెను. కథనమును ఆపుట పై నుండి వచ్చిన ఒత్తిడివలన జరిగినది కాదనియు, కాని ఆ నిర్ణయము మిక్కిలి లోపభూయిష్టమనియు, విషయము బయటపడిన పిదప సంస్థ నాయకత్వము దిక్కుతోచక చెల్లాచెదరైనదనియు 2012 డిసెంబరులో పోలార్డు తేల్చెను. 2016 ఫిబ్రవరిలో వెలువడిన జానెట్ స్మిత్ నివేదిక బి.బి.సి. పనికి సంబంధించి సవిల్ వలన బాధింపబడిన 72 మందిని గుర్తించినది. క్రిందివారిలో కొందరికి అనుమానములుండెననియు, ప్రముఖులయెడ గల భయభక్తులవలన, చెప్పినయెడల ఉద్యోగము పోవునను జంకువలన ఆ మాట పైకి చేరలేదనియు ఆమె వ్రాసిరి. ఫిర్యాదు చేసిన కొందరు బాలికలను ఆనాటి పెద్దలు కసరి పంపివేసిరని చదువునప్పుడు ఏ తల్లిదండ్రుల హృదయమైనను ద్రవింపక మానదు.

ఇక్కడ రెండవ న్యాయమునుగూడ మరువరాదు. ఆరోపణ యెల్ల నిజము కాదు. సవిల్ కథనమును అణచితిమను అపనింద తొలగించుకొను ఆతురతలో అదే "న్యూస్‌నైట్" 2012 నవంబరు 2వ తేదీన మరియొక కథనమును ప్రసారము చేసెను. అందు పేరు చెప్పకపోయినను, ఒక మాజీ రాజకీయ ప్రముఖునిపై జనులు అనుమానపడిరి. ఆయన నిర్దోషి. ఆయనను గుర్తించుటలో పొరపడితినని బాధితుడే చెప్పెను. ఆయన ఛాయాచిత్రమును ఆ బాధితునకు చూపి సరిచూచుకొనవలెనను ఆలోచనయే కార్యక్రమమువారికి కలుగలేదు. బి.బి.సి. క్షమాపణ చెప్పి 1,85,000 పౌన్లు పరిహారమిచ్చెను. డైరెక్టరు జనరలు జార్జి ఎంట్విజిల్ పదవికి వచ్చిన 54వ దినమున, నవంబరు 10వ తేదీన, రాజీనామా చేసెను. ఆ పరిహారమును చెల్లించినది రుసుము కట్టిన గృహస్థుడే. అడుగవలసిన సాక్షిని అడుగకపోవుట దోషిని కాపాడినట్లే, సరిచూడవలసిన సాక్ష్యమును సరిచూడకపోవుట నిర్దోషిని బలిచేయును. రెండింటికిని మూలము ఒక్కటే. శ్రమపడి నిజము తెలిసికొనకపోవుట.

1995 నాటి సంభాషణకు ఇరువదియైదేండ్లు నిండిన 2020లో స్పెన్సరు తనవద్దనున్న కాగితములను, తాను వ్రాసికొనిన వివరములను బయటపెట్టెను. అప్పటికి యువరాణి గతించి ఇరువదిమూడేండ్లు. టోనీ హాల్ 2013 నుండి 2020 వరకు డైరెక్టరు జనరలుగా నుండి వెళ్లెను. బషీరు 2016లో మరల అదే సంస్థలో ఉద్యోగము పొందియుండెను. బి.బి.సి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి లార్డ్ డైసనును విచారణకు కోరెను. ఆయన నివేదిక 2021 మే 20వ తేదీన వెలువడినది. బషీరు మోసమునకు పాల్పడి, సూటిగా వ్యవహరింపవలెనను 1993 నాటి సంస్థ నిబంధనావళిని తీవ్రముగా ఉల్లంఘించెనని ఆయన తేల్చిరి. 1996 విచారణ బొత్తిగా పనికిమాలినదనియు, స్పెన్సరును అడుగకపోవుట దానిలోని పెద్దలోపమనియు, సంస్థ తనకు తెలిసిన విషయములను పత్రికలకు చెప్పక మరుగుపరచెననియు వ్రాసిరి. ఆ నివేదికను బి.బి.సి. పూర్తిగా ప్రకటించి, రాజకుటుంబమునకు క్షమాపణ చెప్పి, ఆ కార్యక్రమమునకు వచ్చిన బహుమతులను తిరిగి యిచ్చివేసెను. చిత్రకారునకును క్షమాపణ చెప్పి పరిహారమిచ్చెను. అతడు పోగొట్టుకొనిన పనియేండ్లను మాత్రము ఇచ్చుటకు ఎవరితరము?

పాలనా వ్యవస్థయు ఈ మధ్యకాలమున మారెను. గవర్నర్ల మండలి 2007లో ట్రస్టుగా మారినది. ట్రస్టుకూడ రక్షకుడు, తీర్పరియు తానేయైనందున తృప్తినీయలేదు. 2017 ఏప్రిలునుండి నిర్వహణ ఒక బోర్డునకును, వెలుపలి పర్యవేక్షణ ఆఫ్‌కామ్ అను నియంత్రణ సంస్థకును విడదీయబడినవి. ఎనుబదియేండ్ల లోపమునకు అప్పటికి మందు దొరకినది.

మందు దొరకినను రోగము మరల తలయెత్తలేదని కాదు. 2023 జూలైలో ప్రధాన వార్తాపాఠకుడు హ్యూ ఎడ్వర్డ్స్‌పై ఆరోపణలు రాగా ఆయన విధులనుండి తప్పింపబడెను. ఆ నవంబరులో ఆయన అరెస్టైన సంగతి సంస్థ పెద్దలకు తెలిసెను. అయినను 2024 ఏప్రిలులో రాజీనామా చేయువరకు పూర్తి వేతనము చెల్లుచునేయుండెను. జూలైలో బాలల అసభ్యచిత్రములకు సంబంధించిన నేరమును ఆయన ఒప్పుకొనిన పిమ్మట, అరెస్టుదినమునుండి ఇచ్చిన సుమారు 2,00,000 పౌన్లను తిరిగి యిమ్మని సంస్థ అడిగెను. భారత ప్రభుత్వోద్యోగికి ఈ విషయము వింతగా తోచును. ఇచ్చట సస్పెండైన ఉద్యోగికి ఫండమెంటల్ రూల్సులోని 53వ నిబంధన ప్రకారము మొదట అర్ధవేతన సెలవు జీతమునకు సమానమైన జీవనభృతి మాత్రమే లభించును. నిర్దోషియని తేలినప్పుడు తక్కిన జీతమును పొందవచ్చును. నిందితుని కుటుంబము పస్తుండకూడదు, ప్రజాధనము వృథా కాకూడదు అను రెండు ధర్మములను ఆ చిన్న నిబంధన ఒక్కచోట కూర్చినది.

ఇట్టి ఏర్పాట్లు ఈ దేశమున ఇంకను కొన్ని కలవు. నేరారోపణ యేదో తెలిపి, సమాధానము చెప్పుకొను అవకాశమిచ్చిన తరువాతనేగాని సివిలు ఉద్యోగిని తొలగింపరాదని రాజ్యాంగములోని 311వ అధికరణము శాసించుచున్నది. శాఖ తన తప్పును తానే తూచుకొనుట చాలదను భావముతో, కె. సంతానముగారి అధ్యక్షతన పనిచేసిన సంఘము సిఫారసుపై 1964లో కేంద్ర విజిలెన్సు కమిషను ఏర్పడెను. జాతీయ రహదారుల పనిలోని అక్రమములను గూర్చి పైవారికి వ్రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురియైన పిదప దేశమంతట ఆందోళన కలిగెను. మరుసటి సంవత్సరము ఏప్రిలులో, ఫిర్యాదు చేసినవాని పేరు గుప్తముగా నుంచి విచారించు అధికారమును ప్రభుత్వము ఆ కమిషనునకే యిచ్చినది. పనిచేయుచోట స్త్రీలకు జరుగు లైంగికవేధింపులనుగూర్చిన 2013 చట్టము ప్రతి కార్యాలయపు విచారణ సంఘములోను ఒక వెలుపలి సభ్యుడో సభ్యురాలో ఉండితీరవలెనని విధించినది. ప్రసారభారతి విషయమున 1990 చట్టము ఇంకను ముందుకు పోయినది. దాని అధ్యక్షుని, పూర్తికాలపు సభ్యులను దుష్ప్రవర్తన కారణమున తొలగింపవలెననిన, రాష్ట్రపతి నివేదింపగా సుప్రీంకోర్టు విచారించి చెప్పవలెను. 2010లో కామన్వెల్తు క్రీడల ప్రసారపు కాంట్రాక్టు విషయమున ఆరోపణలు వచ్చినప్పుడు ముఖ్యకార్యనిర్వహణాధికారి డిసెంబరులో సస్పెండగుటయు, విషయము సుప్రీంకోర్టునకు నివేదింపబడుటయు ఈ నిబంధన ననుసరించి జరిగినవే.

నిబంధనలు పుస్తకములలో నున్నంతమాత్రమున న్యాయము నడవదు. బి.బి.సి.లోను 1993 నిబంధనావళి బల్లలమీదనే యుండెను. "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెతను సంస్థలు తమకు వేదవాక్యముగా భావించుటలోనే అనర్థము పుట్టుచున్నది. విభీషణుడు గుట్టు చెప్పినందున లంక చెడినదని అనుకొనుట వాడుక. కాని లంకకు చేటు తెచ్చినది రావణుడు చేసిన పని. విభీషణుడు ముందుగా హితవు చెప్పినది రావణునకే, నిండుకొలువులో. అచ్చట వినియుండినచో గుట్టు గడప దాటవలసిన పనియే యుండెడిది కాదు. 1995 డిసెంబరులో ఆ చిత్రకారుడు వెళ్లినది పత్రికలవద్దకు కాదు, తన అధికారులవద్దకే.

ప్రజాసంస్థ ప్రజలకిచ్చు సంజాయిషీ పెద్ద నివేదికతో మొదలుకాదు. ఒక చిన్న ఉద్యోగి సందేహముతో అధికారి గదిలోనికి వచ్చి నిలిచిన క్షణమున అది మొదలగును. ఆ క్షణమున అధికారి అతనిని కూర్చుండబెట్టి, చెప్పినది వ్రాసికొని, ముఖ్యసాక్షిని పిలిపించి, తనకు సంబంధములేని మరియొకరి చేతికి దస్త్రము నందించినయెడల ఒక వారములో తేలిపోవును. 1996లో స్పెన్సరునకు వ్రాయవలసియుండిన ఒక్క ఉత్తరము వ్రాయనందున బి.బి.సి.కి ఇరువదియైదు సంవత్సరములు, ఒక మాజీ న్యాయమూర్తి నివేదిక, అనేక లక్షల పౌన్లు, అన్నిటికంటె మిన్నగా ప్రజల నమ్మకములో కొంతభాగము ఖర్చైనవి.